విమానానికి గింజ నూనె: అడవి ఆముదం నుంచి పవర్‌గూడ కానుగ దాకా



మొన్న పాల కేంద్రం కాడ ఒక పిల్లోడు సెల్లులో వార్త చూపించి అడిగినాడు: "మామా, చెరుకుతో, మొక్కజొన్నతో విమానాలు నడుపుతారంట. మనకు రేటు పెరుగుతుందా?" పక్కన నిలబడిన పెద్దాయన నవ్వి, "మళ్లా వచ్చినార్రా?" అన్నాడు. ఆ "మళ్లా" వెనక ఇరవై ఏండ్ల కథ ఉంది. మీలో చానామందికి అందులో ఒక ముక్క తెలిసే ఉంటుంది. మొత్తం ఒకచోట పెడదామని ఇది రాస్తున్నా. కొంచెం పొడుగే, ఓపికగా చదవండి.

గింజ నూనెతో ఇంజన్ నడపడం కొత్తేమీ కాదు. 1900లో పారిస్‌లో పెద్ద ప్రదర్శన జరిగినప్పుడు ఒక చిన్న డీజిల్ ఇంజన్‌ను చెనిక్కాయ నూనెతో నడిపి చూపించినారు. మన చెనిక్కాయే! తర్వాత భూమిలోంచి తీసే నూనె అగ్గువకు దొరికేసరికి గింజ నూనె సంగతి అందరూ మర్చిపోయినారు.

మన దేశంలో అది మళ్లీ లేచింది 2003లో. ప్రణాళికా సంఘం వేసిన కమిటీ ఒక నివేదిక ఇచ్చింది. 2011-12 కల్లా డీజిల్‌లో నూటికి 20 వంతులు గింజ నూనె కలపాలి, అందుకు 1 కోటి 12 లక్షల హెక్టార్లలో జట్రోఫా వేయాలి అని. జట్రోఫా అంటే అడవి ఆముదం. గొర్రెలు, మేకలు ముట్టవు కాబట్టి కంచెకు పెట్టుకునేవాళ్లం, అదే. నీళ్లు వద్దు, మందులు వద్దు, రాళ్లభూమిలో కూడా బంగారం కాస్తుందన్నారు. నేనూ నమ్మినా. ఒక సంస్థ వాళ్లు జీపులో వచ్చి మొక్కలిచ్చి, గింజలు మేమే కొంటామని చెప్పి పోతే గెనిమల మీద రెండు వందల మొక్కలు నాటినా. మూడో ఏడు నాలుగు మూటల కాయ వచ్చింది. జీపు మాత్రం మళ్లీ రాలేదు.

ఇక్కడ లెక్క చూడండి. 2005 అక్టోబరులో కేంద్రం బయోడీజిల్ కొనుగోలు ధర లీటరుకు 25 రూపాయలని ప్రకటించింది. లీటరు నూనెకు మూడు, మూడున్నర కిలోల గింజ కావాల. గింజ కిలో ఆరు రూపాయలకు కొన్నా ఇరవై దాకా అయిపోయింది. ఇంక ఆడించేది, శుద్ధి చేసేది, రవాణా ఎక్కడి నుంచి తెస్తారు? పోనీ పిండన్నా పశువులకు పెడదామంటే అది విషం. నీళ్లు వద్దన్న చెట్టు నిజంగానే నీళ్లు లేకుండా చావలేదు, కానీ కాయలు కాయాలంటే దానికీ నీళ్లు, ఎరువు కావాల్సిందే. బతకడం వేరు, కాయడం వేరు. ఏ రైతును అడిగినా చెప్పేవాడు ఈ మాట. ఎవరూ అడగలేదు. ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం కూడా తర్వాత జట్రోఫా కంటే కానుగే మేలని అటు మొగ్గింది.

మనం ఇక్కడ మొక్కలు పీకేస్తుంటే విమానాల వాళ్లు అప్పుడే మొదలుపెట్టినారు. 2008 ఫిబ్రవరిలో వర్జిన్ అట్లాంటిక్ వాళ్లు లండన్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌కు ఒక జంబో విమానం నడిపినారు. దాని నాలుగు ఇంజన్లలో ఒకదానికి కొబ్బరి, బబాసు నూనెల కలుపు పోసినారు. అదే ఏడాది డిసెంబరు 30న ఎయిర్ న్యూజిలాండ్ వాళ్లు ఆక్లాండ్‌లో ఒక ఇంజన్‌కు సగానికి సగం జట్రోఫా ఇంధనంతో విమానం ఎగరేసినారు. ఆ గింజలు ఆఫ్రికా నుంచి వచ్చినాయి, ఇండియా నుంచి కూడా పోయినాయి.

ఇంత దూరం వచ్చినాక నూనెను నేరుగా ట్యాంకులో పోస్తారేమో అనుకోవద్దండి. పైన చలి అలాంటిది మరి. విమాన ఇంధనం సున్నాకు కింద 47 డిగ్రీల దాకా గడ్డ కట్టకూడదు. మన కొబ్బరి నూనె చలికాలంలో సీసాలోనే బిగుసుకుంటుంది కదా. అందుకే నూనెకు హైడ్రోజన్ పట్టించి అందులోని ఆక్సిజన్ తీసేస్తారు, పొడుగు అణువులను ముక్కలు చేస్తారు. చివరికి వచ్చేది అచ్చం కిరసనాయిలు లాంటిదే. ఇది రిఫైనరీ పని, ఊర్లో గానుగతో అయ్యేది కాదు. 2011లో ఈ పద్ధతికి అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది, సగం దాకా కలపొచ్చని. కానీ అప్పటికే జట్రోఫా మీద మోజు తీరిపోయింది. బ్రిటిష్ పెట్రోలియం కంపెనీ 2007లో జట్రోఫా తోటల కోసం భాగస్వామ్యం కట్టి 2009లో బయటికి వచ్చేసింది. పెద్ద కంపెనీకి రెండేండ్లకే అర్థమైంది. మన గెనిమల మీద మాత్రం ఇంకో పదేండ్లు అవే చెట్లు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన ముక్క చెప్తా. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో పవర్‌గూడ అని చిన్న గిరిజన గూడెం. అక్కడి ఆడవాళ్ల సంఘాలు అడవిలో కానుగ గింజలు ఏరి, గూడెంలోనే నూనె ఆడించేవి. కొత్తగా వేల కానుగ మొక్కలు కూడా నాటినారు. 2003 అక్టోబరులో వాషింగ్టన్‌లో ప్రపంచ బ్యాంకు ఒక అంతర్జాతీయ సమావేశం పెట్టింది. దేశదేశాల నుంచి జనం విమానాలెక్కి వచ్చినారు. ఆ విమానాలు వదిలిన పొగకు బదులు కట్టాలని బ్యాంకు వెతికి వెతికి ఈ గూడేనికి డబ్బు పంపింది. డీజిల్ బదులు కానుగ నూనె వాడితే పదేండ్లలో 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్ మిగులుతుందని లెక్క కట్టి, దానికి 645 డాలర్లు ఇచ్చినారు. అప్పటి మారకంలో 30 వేల రూపాయలకు కొంచెం తక్కువ.

చూడండి ఎంత గమ్మత్తో. విమానం ఎక్కింది వాళ్లు, దాని బాకీ తీర్చింది మన కానుగ చెట్టు. పదేండ్ల పనికి, ఒక గూడేనికంతా 30 వేలు! నేనైతే వాళ్లను తక్కువ చేయడం లేదు. ఆ డబ్బు నేరుగా ఆడవాళ్ల సంఘాలకే చేరింది, అది చిన్న సంగతి కాదు. పైగా నూనె వాళ్లదే, గానుగ వాళ్లదే, కానుగ పిండి వాళ్ల చేన్లకే ఎరువు. గింజ గూడెం దాటిపోలేదు. నా జట్రోఫాకూ వాళ్ల కానుగకూ తేడా అదే అని నాకనిపిస్తుంది.

మన దేశంలో గింజ ఇంధనంతో విమానం 2018 ఆగస్టు 27న ఎగిరింది. డెహ్రాడూన్‌లోని పెట్రోలియం పరిశోధన సంస్థ వాళ్లు తయారు చేసిన ఇంధనం, స్పైస్‌జెట్ విమానం, డెహ్రాడూన్ నుంచి ఢిల్లీకి. ఆ గింజ ఛత్తీస్‌గఢ్‌లో దాదాపు 500 రైతు కుటుంబాల నుంచి వచ్చిన జట్రోఫా. 2019 రిపబ్లిక్ డే నాడు వైమానిక దళం విమానం కూడా గింజ ఇంధనం కలిపి ఎగిరింది. 2023 మేలో పుణె నుంచి ఢిల్లీకి ఇంకో విమానం పోయింది, ఈసారి చెరుకు మొలాసిస్ నుంచి తీసిన ఇంధనం కలిపి.

ఇంక ఆ పిల్లోడి ప్రశ్న. మన దేశం పెట్టుకున్న లక్ష్యం అంతర్జాతీయ విమానాల ఇంధనంలో 2027కు నూటికి 1 వంతు, 2028కి 2, 2030కి 5. యూరప్ 2025లోనే 2 వంతులు తప్పనిసరి చేసింది, 2050కి 70 అంటోంది. కానీ యూరప్ రూలు ప్రకారం మనిషి తినే పంట, పశువు తినే పంట నుంచి తీసిన ఇంధనం లెక్కలోకే రాదు. అంటే అక్కడి లెక్కకు మొక్కజొన్న కుదరదు. వాళ్లకు కావాల్సింది వాడేసిన వంటనూనె, పంట వ్యర్థాలు లాంటివి. పానిపట్ రిఫైనరీకి 2025లో సర్టిఫికెట్ వచ్చింది కూడా వాడిన వంటనూనె నుంచి తీసే ఇంధనానికే. మన బజ్జీల బండి నూనెకు గిరాకీ వచ్చిందన్నమాట! 2024లో ప్రపంచమంతా కలిపి వాడిన విమాన ఇంధనంలో ఈ రకం నూటికి పావు వంతుకు కాస్త పైన, 0.3 మాత్రమే. ధర మామూలు దానికి రెండింతల పైనే.

అందుకే ఆ పిల్లోడికి ఇట్లా చెప్పినా: "రేపు ఎవరన్నా మొక్కలు తెస్తే రేటు అడిగే ముందు మూడు అడుగు నాయనా. కొనేది ఏ రిఫైనరీ? కాగితం మీద ఎన్నేండ్లు రాసిస్తారు? వాళ్లు రాకపోతే ఆ గింజ మనకు ఎందుకన్నా పనికొస్తుందా?"

పెద్దాయన ఇంకా నవ్వుతానే ఉన్నాడు. ఆయన చేను గట్టున కూడా జట్రోఫా చెట్లు పదో పన్నెండో ఉన్నాయి, మేకలకు కంచెగా. మీ ఊర్లో ఇంకా మిగిలి ఉంటే ఫోటో పెట్టండి, అప్పట్లో కిలో ఎంతకు అమ్మినారో కూడా రాయండి.