ఎకరాకు ఎంత పిల్ల?

నెల్లూరు తీరంలో రొయ్యల సాగు చరిత్ర చెప్పేవాళ్లు ఎక్కువగా జబ్బుల పేర్లతోనో ధరల హెచ్చుతగ్గులతోనో చెబుతారు. టైగర్ రొయ్య వచ్చింది, తెల్లమచ్చ జబ్బు వచ్చింది, సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది, ఆ తర్వాత వనామీ రొయ్య వచ్చింది అంటారు. ఈ మలుపుల్లో ప్రతి ఒక్కదాని దగ్గరా ఒక అంకె ఉంది. దాని గురించి జరగవలసినంత చర్చ జరగలేదు. చెరువులోకి ఎంత రొయ్య పిల్ల వదిలారన్నదే ఆ అంకె. రైతు దాన్ని తన గట్టుమీద నిలబడి, తన పెట్టుబడినీ పక్క చెరువునూ చూసుకుని నిర్ణయిస్తాడు. ఫలితం మాత్రం ఉప్పుటేరు పొడవునా అందరి మీదా పడుతుంది. సొంత విషయమనుకున్న ఈ నిర్ణయం నిజానికి ఊరుమ్మడి విషయమని ఈ తీరం ముప్పై ఏళ్లలో రెండుసార్లు నష్టపోయి తెలుసుకుంది. తెలుసుకున్నదాన్ని ఇంకా ఆచారంగా మార్చుకోలేదన్నది నా వాదన.

కావలి నుంచి తడ దాకా ఉన్న ఈ తీరానికి రొయ్య కొత్తది కాదు, చెరువు కొత్తది. కండలేరు ఉప్పుటేరు, పెన్న ముఖద్వారం, బకింగ్‌హాం కాలువ, దక్షిణాన పులికాట్ సరస్సు, వీటన్నిటిలోకీ సముద్రపు పోటుతోపాటు రొయ్య పిల్ల వచ్చి చేరుతుంది. కొంత ఎదిగాక తిరిగి సముద్రానికి పోతుంది. ఆ రాకపోకల మధ్య పట్టపు మత్స్యకారులు వలలతో, యానాదులు చేతులతో తడిమి పట్టుకుని బతికారు. ఇస్కపల్లి లాంటి చోట్ల ఉప్పు మడులు ఉండేవి, లోపలికి వస్తే పెన్న డెల్టా వరి మాగాణి. కేరళలో పొక్కాలి పొలాలకూ, బెంగాల్ భేరీలకూ ఉన్నటువంటి పాత రొయ్యల సాగు ఇక్కడ లేదు. ఆ పాత పద్ధతుల్లో పొలంలోకి ఎంత పిల్ల రావాలో పోటే నిర్ణయించేది. మనిషి తూము తెరిచి మూసేవాడు, అంతే. నీటి శక్తికి మించి రొయ్య చేరే వీలు అక్కడ సాధారణంగా ఉండదు.

1980ల చివర ఈ లెక్క మారింది. జపాన్ మార్కెట్ టైగర్ రొయ్యకు మంచి ధర పెడుతోంది. సముద్ర ఉత్పత్తుల ఎగుమతుల అభివృద్ధి సంస్థ విశాఖపట్నంలో టాస్పార్క్ హేచరీని నిలబెట్టింది. ప్రైవేటు హేచరీలు దాన్ని అనుసరించాయి. అంతకుముందు పిల్ల కావాలంటే ఉప్పుటేళ్లలో సన్నకన్ను వలలతో పట్టాలి. టైగర్ పిల్లలను ఏరుకుని, వలలో పడ్డ తక్కిన చేప పిల్లలనూ పీత పిల్లలనూ ఒడ్డున పారేసేవారు. హేచరీ ఆ విధ్వంసాన్ని చాలావరకు తగ్గించింది, అది చిన్న మేలు కాదు. అయితే పిల్ల సంఖ్య మీద ప్రకృతి పెట్టిన హద్దును కూడా అదే తీసేసింది. ఎంత కావాలంటే అంత పిల్ల సంచుల్లో ఆక్సిజన్ పట్టించుకుని వ్యానులో వచ్చి దిగుతుంది. ఎకరాకు ఎంత వేయాలన్న ప్రశ్న ఈ తీరంలో అప్పుడే పుట్టింది. దానికి జవాబు చెప్పగల అనుభవం మాత్రం ఎవరి దగ్గరా లేదు.

1990ల మొదట్లో కండలేరు రెండు గట్ల వెంట చెరువులు లేచాయి. చవిటి నేలలు, ఉప్పు మడులు, కొన్నిచోట్ల వరి పొలాలు కూడా తవ్వారు. కంపెనీలు వచ్చాయి, బ్యాంకు అప్పులు వచ్చాయి, లీజులు పెరిగాయి. కొత్త రైతు పక్కవాడిని చూసి పిల్ల వేశాడు. పక్కవాడు కంపెనీ ఫారాన్ని చూసి వేశాడు. చదరపు మీటరుకు 20, 30 పిల్లల దాకా వేసిన చెరువులు ఉన్నాయి. ఆ జోరు సాగుకు నీటిని తరచూ మార్చాలి. మార్చే నీళ్లు కండలేరు నుంచి తోడాలి, వాడిన నీళ్లు కండలేరులోకే వదలాలి. వేల చెరువులకు తాగే గిన్నె, కడిగే గిన్నె ఒక్కటే అయింది. హెచ్చరికలు లేకపోలేదు. తైవాన్‌లో జోరు సాగు 1987-88లో కుప్పకూలింది, చైనాలో 1993లో కూలింది. రెండు దేశాల్లోనూ పెంచిన జాతి వేరు కావచ్చు, తెగులు వేరు కావచ్చు. ఇరుకు నీటిలో కిక్కిరిసిన రొయ్య, ఒకరు వదిలిన నీళ్లను మరొకరు తోడుకునే ఏర్పాటు మాత్రం రెండుచోట్లా ఉన్నాయి.

పిల్ల సంఖ్య ఎందుకు అంత కీలకమో నీటిలో జరిగేది చూస్తే తెలుస్తుంది. మేతతో రొయ్యకు అందించే నత్రజనిలో దాని ఒంటికి పట్టేది సుమారు నాలుగో వంతు. మిగిలింది విసర్జనగా, తినకుండా వదిలేసిన మేతగా నీటిలోకీ అడుగు మట్టిలోకీ చేరి అమ్మోనియా అవుతుంది. బ్యాక్టీరియా దాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత పెద్దగా హాని లేని నైట్రేట్‌గా మారుస్తుంది.  ఆ బ్యాక్టీరియా చేయగల పనికి ఒక మితి ఉంది, అది డబ్బుతో పెరగదు. పిల్ల ఎక్కువైతే మేత ఎక్కువ, మురుగు ఎక్కువ, తెల్లవారుజామున ఆక్సిజన్ తక్కువ. మధ్యాహ్నం పాచి పనిచేసి పీహెచ్ పెరిగినప్పుడు అదే అమ్మోనియా మరింత విషమవుతుంది. రొయ్య చావకపోవచ్చు, నీరసపడుతుంది. నీరసపడ్డ రొయ్యను తక్కినవి తింటాయి. తెల్లమచ్చ వైరస్ ఒక రొయ్య నుంచి ఇంకో రొయ్యకు చేరే దారుల్లో ముఖ్యమైనది ఇదే. 1994-95లో ఆ వైరస్ తూర్పు తీరమంతా పాకి నెల్లూరు చెరువులను పట్టుకుంది. జబ్బు కనిపించిన మూడు నుంచి పది రోజుల్లో చెరువు మొత్తం ఖాళీ అయ్యేది. భయంతో తూము తెరిచి నీళ్లు వదిలిన రైతు తన జబ్బును కండలేరులో పోశాడు. కింది రైతు దాన్ని తోడుకున్నాడు.

దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం గట్టిదే. వైరస్ బయటి నుంచి వచ్చింది, హేచరీకి తెచ్చిన తల్లిరొయ్యల్లో వచ్చింది, పీతల్లో వచ్చింది. పలచగా పిల్ల వేసిన చెరువులూ చచ్చాయి. అలాంటప్పుడు సంఖ్యను తప్పుపట్టడమెందుకు? పలచటి చెరువులూ పోయిన మాట నిజం. సముద్రంలో పట్టిన తల్లిరొయ్యకు వైరస్ ఉందో లేదో పీసీఆర్ పరీక్షతో చూసే అలవాటు అప్పటికి లేదు, ఆ బాధ్యత రైతుది కాదు. అయినా వైరస్ ఒక తీరానికి రావడం వేరు, వారాల్లో తీరమంతా తుడిచిపెట్టడం వేరు. రెండోదానికి ఒకదాన్నొకటి తాకేంత దగ్గరగా కోట్ల రొయ్యలు, వాటిని కలిపే ఒకే నీరు కావాలి. పలచగా వేసిన రైతు మునిగింది తన చెరువు తప్పువల్ల కాదు, పైచెరువుల సంఖ్య వల్ల. పిల్ల లెక్క ఊరుమ్మడి విషయం అనడానికి ఇంతకన్న బలమైన సాక్ష్యం నాకు కనబడదు.

చెరువు గట్టు దాటిన నష్టం మరొకటి ఉంది. జోరు సాగు చుట్టుపక్కల భూగర్భ జలాలు ఉప్పెక్కాయి. నెల్లూరు జిల్లాలోని కుర్రు గ్రామ మత్స్యకారులకు తాగునీరు లేక ట్యాంకర్ల మీద ఆధారపడవలసి రావడం ఆ రోజుల్లో బాగా చర్చకు వచ్చింది. తమిళనాడు సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్ వేసిన పిటిషన్ మీద 1996 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తీరప్రాంత నియంత్రణ మండలంలో సంప్రదాయ, మెరుగుపరచిన సంప్రదాయ పద్ధతులు తప్ప మిగిలిన రొయ్యల చెరువులను తొలగించాలన్నది. కాలుష్యం చేసినవారే నష్టపరిహారం కట్టాలన్నది. తీర్పు అమలు ఆగింది, చివరకు 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. పిల్ల సంఖ్యకు ప్రభుత్వం రాతపూర్వకంగా హద్దు గీసింది ఈ క్రమంలోనే. టైగర్‌కు నియంత్రణ మండలం లోపల హెక్టారుకు 60,000, బయట లక్ష. ఎకరాల్లో చెప్పుకుంటే సుమారు 24,000, 40,000. ఈ అంకెలు శాస్త్రవేత్తల పిరికితనమని అప్పట్లో అనుకున్నవాళ్లున్నారు. చెరువుల శవాలను చూసి రాసిన అంకెలవి.

హద్దు రాసినంత మాత్రాన అది చెరువులోకి దిగదు. దిగిన తీరు చూడాలంటే నెల్లూరు వదిలి పశ్చిమ గోదావరి మొగల్తూరు వెళ్లాలి. 2002 ప్రాంతంలో ఎగుమతుల అభివృద్ధి సంస్థ, ఆసియా పసిఫిక్ ఆక్వాకల్చర్ సంస్థ నాకాతో కలిసి అక్కడి చిన్న రైతులను ఒక క్లబ్బుగా కూర్చింది. ఒకే హేచరీతో ముందే మాట్లాడుకుని పరీక్షించిన పిల్లను కలిసి కొనడం, మితంగా వేయడం, ఒకేసారి వేయడం, జబ్బు వస్తే దాచకుండా చెప్పడం, నీళ్లు వదలకుండా ఆగడం వాళ్ల నియమాలు. వీటిలో ఒక్కటీ కొత్త యంత్రం కోరదు, ఒక్కటీ ఒంటరి రైతు చేయగలిగింది కాదు. ఆ పద్ధతి పంటను నిలబెట్టగలిగింది కాబట్టే 2007లో చిన్న రైతుల సంఘాల కోసం కాకినాడ కేంద్రంగా నాక్సా అనే సంస్థ ఏర్పడింది. నా దృష్టిలో ఆంధ్ర తీరపు ఆక్వా చరిత్రలో అన్ని ఎగుమతి రికార్డులకన్నా ముఖ్యమైన ఘట్టం మొగల్తూరు. రైతులు తమ పిల్ల లెక్కను ఒకరికొకరు చూపించుకున్న చోటు అది.

వనామీ వచ్చాక ఈ పాఠం అవసరం తీరిపోయిందనే వాదన బలంగా వినిపించింది, ఇప్పటికీ వినిపిస్తుంది. 2009లో ఆ జాతికి విస్తృతంగా అనుమతి ఇచ్చారు. తల్లిరొయ్యలు చెన్నై నీలాంకరైలోని క్వారంటైన్ కేంద్రం గుండా రావాలి, చదరపు మీటరుకు 60కి మించి పిల్ల వేయకూడదు, చెరువు చుట్టూ పీతలు రాకుండా కంచె, పైన పక్షులు వాలకుండా తాళ్లు, వాడిన నీటికి శుద్ధి చెరువు ఉండాలి అన్నారు. అరవై అంటే ఎకరాకు సుమారు 2,40,000 పిల్ల, నియంత్రణ మండలం బయటి టైగర్ హద్దుకు ఆరింతలు. వనామీ చెరువు అడుగునే కాక నీటి లోతంతా వాడుకుంటుంది, తక్కువ మాంసకృత్తుల మేతతో ఎదుగుతుంది, ఏరేటర్లుంటే ఒత్తిడిని తట్టుకుంటుంది. పంట వచ్చింది. ఈ విజయాన్ని తక్కువ చేయను, వేల కుటుంబాలు దానిమీద నిలబడ్డాయి. అయితే కొన్ని నిర్దిష్ట రోగాలు లేని పిల్ల అంటే రోగం రాని పిల్ల అని చాలామంది పొరబడ్డారు. హేచరీ నుంచి శుభ్రంగా వచ్చిన పిల్ల చెరువులోని జబ్బుకు లొంగదని ఎవరూ హామీ ఇవ్వలేదు. 2010ల మధ్యకల్లా ఈహెచ్‌పీ అనే సూక్ష్మజీవి తీరమంతా కనిపించింది. తెల్లమచ్చలా అది చెరువును వారంలో చంపదు. రొయ్యను ఎదగనివ్వదు. మేత పోతూనే ఉంటుంది, కౌంటు, అంటే కిలోకు తూగే రొయ్యల సంఖ్య, దిగదు. దాని బీజాలు మలంలో, చచ్చిన రొయ్యలో, అడుగు మట్టిలో ఉండి రొయ్య నుంచి రొయ్యకు నేరుగా అంటుకుంటాయి. కిక్కిరిసిన చెరువు, ఎండబెట్టకుండా పంట మీద పంట, దానికి ఇంతకన్న అనుకూలం లేదు. జాతి మారింది, సూత్రం మారలేదు.

చివరగా చిన్న రైతు అడిగే ప్రశ్న. లీజు ఎకరాకు ఇంత అని ముందే కట్టాలి. కరెంటు, డీజిలు, మేత అప్పు, ఇవన్నీ పిల్ల తగ్గిస్తే తగ్గవు. తక్కువ వేసి లీజు ఎలా కట్టేది? ఈ ప్రశ్నను నీతిబోధతో దాటవేయడం అన్యాయం. ఎక్కువ పిల్ల వేయడానికి రైతును నెట్టేది దురాశ ఒక్కటే కాదు, లీజు లెక్క కూడా. కానీ ఖర్చులో సగానికి పైగా మేతదే, మేత పిల్లతోపాటు పెరుగుతుంది. పలచటి చెరువులో రొయ్య తక్కువ కౌంటుకు త్వరగా వస్తుంది, తక్కువ కౌంటుకు కిలో ధర ఎక్కువ. అన్నిటికీ మించి, పంట పోయిన ఏడాది ఎక్కువ వేసినవాడికి మిగిలేది ఎక్కువ అప్పు. లాభం ఖాయమని చెప్పలేం గాని, నష్టం ఎంతలో ఆగాలో పిల్ల వేసిన రోజే చాలావరకు తేలుతుంది. భూస్వామి లీజును ముందే మొత్తం గుంజకుండా పంటతో ముడిపెట్టడం, మేత డీలరు అప్పును పిల్ల సంఖ్యతో ముడిపెట్టకపోవడం కూడా ఈ బాధ్యతలో భాగాలే. హేచరీ సంచి మీద పీసీఆర్ ఫలితం లేకుండా పిల్ల అమ్మడాన్ని రాష్ట్రంలో ఉన్న సీడు నాణ్యతా చట్టంతో గట్టిగా పట్టుకోవాలి.

కొత్తగా చెరువు లీజుకు తీసుకుంటున్న రైతులకు నా మనవి ఇది. మొదటి పంటకు అనుమతించిన గరిష్ఠాన్ని లక్ష్యంగా పెట్టుకోవద్దు. మీ ఏరేటర్లు, మీ శుద్ధి చెరువు, మీ అడుగు మట్టి ఎంత మోయగలవో అంతే వేయండి. పక్కవాడి లెక్క చూసి వేయవద్దు, పక్కవాడితో మాట్లాడి వేయండి. ఒక్కో ఉప్పుటేరు గట్టు రైతులు తాము ఎప్పుడు, ఎన్ని పిల్లలు వేశారో, ఎక్కడ జబ్బు కనిపించిందో గ్రామ సచివాలయంలో బహిరంగంగా రాయించే ఏర్పాటు ఉండాలి. ముత్తుకూరులో మత్స్య కళాశాల 1991 నుంచి ఉంది. ఆ లెక్కలు చదివి సలహా చెప్పగల మనుషులకు ఈ జిల్లాలో కొరత లేదు. మత్స్యశాఖ దీన్ని ముందుగా కండలేరు గట్ల మీద మొదలుపెట్టాలి.