13 ఎక్కదు, 14 పట్టదు

పాత బుల్లెట్ కొన్ననని మురుస్తున్నవు. మంచిదే బిడ్డా. ఇంజను నంబరు చూసినవు, కాయిదాలు చూసినవు, ట్యాంకు మీది బంగారు గీతలు గూడ చూసినవు. ఏ పానాతోటి ఇప్పుతవో అదొక్కటి చూస్కోలే. నీ సంచిల ఉన్న పానాలన్నీ మిల్లీమీటర్లయి. ఆ బండి పుట్టిందేమో అంగుళాల లెక్కల. జర మంట దిక్కు జరుగు, చెప్త.

మద్రాసు కాడ తిరువొత్తియూరుల ఎన్‌ఫీల్డ్ ఇండియా 1955ల మొదలైంది. సరిహద్దు గస్తీకని మన మిలిటరీ బుల్లెట్లు అడిగింది, ఆ గిరాకీతోటే కంపెనీ లేచింది. మొదట్ల సామాన్లు ఇంగ్లండు నుంచి వస్తుండె, ఈడ బిగిస్తుండిరి. రెండేండ్లకు ఆ సామాన్లు చేసే యంత్రాలు గూడ ఈడికే తెచ్చుకున్నరు. వాటితోటే ఇంగ్లండోని మర గూడ వచ్చింది. 1956ల చట్టమొచ్చి దేశమంత సేర్లు పోయి కిలోలు, గజాలు పోయి మీటర్లు అయినయ్ గానీ, బుల్లెట్ మాత్రం ఆ పాత మరను చానా ఏండ్లు ఇడ్వలే.

ఆ మర కథ వేరే ఉంది. విట్‌వర్త్ అని ఇంగ్లండుల ఒక ఇంజనీరు. ఆయన కంటె ముందు ఏ కార్ఖానా బోల్టు ఆ కార్ఖానా నట్టుకే ఎక్కుతుండె. 1841ల ఆయన అందరికీ ఒక లెక్క కట్టిండు. ఆయన మర కోణం 55 డిగ్రీలు, ఇప్పటి మిల్లీమీటరు మరది 60. చూపుకు ఒక్కతీరుగనే ఉంటయ్. రెండు చుట్లు చేతితోటి ఎక్కుతది గూడ. మూడో చుట్టుకు పానా పెట్టి బలంగ తిప్పినవనుకో, అల్యూమినియం కేసుల ఉన్న మర అంత చూర అయితది.

ఇగ పానా సైజు. దాని మీద 1/4 అని ఉంటె నోరు పావంగుళం అనుకుంటవు. కాదు, అది బోల్టు కాడ మందం. నోరు కొలిస్తె 13.3 మిల్లీమీటర్లు వస్తది. నీ 13 ఎక్కదు, 14 పెడితె ఊగుతది. 3/16ది 11.3, 5/16ది 15.2. అన్నీ నీ పానాల నడుమనే ఇరుక్కున్నయ్ చూడు! బీఎస్ఎఫ్ అని సన్న మర ఇంకోటి ఉంది, దాని తల ఒక సైజు చిన్నది. అందుకే ఒకే నోటి మీద రెండు అంకెలు కొడ్తరు, 1/4 విట్‌వర్త్, 5/16 బీఎస్ఎఫ్ అని. ఇవి చాలవన్నట్టు సైకిల్ మర, అంగుళానికి 26 చుట్లు.

14 పానా పెట్టినోడు నట్టు మూలలు అరగదీస్తడు. మూలలు పోయినంక ఉలి తీస్తడు. ఉలి దెబ్బలకు గూడ రాకుంటె గ్యాసు మంట. గట్ల పాడైన ఇంజన్లు మా దుకాణానికి గోనెసంచులల్ల వస్తుండె.

మా ఉస్తాదు పానాల కోసం పురానాపూల్ దిక్కు జుమ్మేరాత్ బజారుకు పోతుండె. గురువారం గురువారం అక్కడ పాత సామాన్ల సంత. నేను సంచి మోస్తుంటి. మిలిటరీ వేలంపాటలల్ల అమ్మిన పనిముట్లు అటు తిరిగి ఇటు తిరిగి ఆడికే చేరుతుండె. కింగ్ డిక్ అని అచ్చు పడ్డ ఇంగ్లండు పానా కనపడితె ఉస్తాదు మొకం మారనియ్యకపోతుండె, ధర పెంచుతరని. పక్కనున్న తాళంకప్ప బేరం ఆడి, ఆఖరికి "ఈ తుప్పుది గూడ ఎయ్యి" అంటుండె. మెరుపు చూస్తుండకపోయె. ఒక తీగకు మంచి నట్లు కొన్ని గుచ్చి జేబుల ఏసుకుంటుండె, విట్‌వర్త్‌ది ఒక్కో సైజుకు ఒకటి. పానా నోట్లె ఆ నట్టు పెట్టి ఆడిస్తడు. ఊగిందా, నోరు సాగిపోయినట్టు, అది ఊకనే ఇచ్చినా తీస్కోడు. ఈ తీగ ఉపాయం ఇయ్యాల్టికీ నాకు అన్నిటికన్న మంచిగ అనిపిస్తది. నువ్వు గూడ ఒకటి చేస్కో, కొత్త పానాలు కొనేటప్పుడు గూడ పనికొస్తది.

పానాలు దొరికినా పని కాదు. పుల్లర్లు కావాలె. క్లచ్ సెంటరు ఊడాల్నంటె పుల్లర్, టైమింగ్ పినియన్ ఊడాల్నంటె వేరే పుల్లర్. టైమింగ్ దిక్కు క్రాంకు కొనకు ఆయిల్ పంపును తిప్పే వార్మ్ నట్టు ఉంటది, దానిది ఎడమ మర. ఎరుక లేనోడు అన్నిటి లెక్క ఎడమకు తిప్పుతడు, అది ఇంకింత బిగుస్తది. ఇంకింత పొడుగు పైపు తెచ్చి గుంజుతడు. అయిపాయె. పుల్లర్ లేనోడు రెండు స్క్రూడ్రైవర్లు సందుల పెట్టి ఎత్తుతడు. కేసు అంచుకు గాటు పడ్తది, ఆడికెల్లి ఆయిల్ కారుతది. బుల్లెట్ అంటేనే ఆయిల్ కారుడు అని జనం నవ్వుతరు గదా, చానా బండ్లకు ఆ కారుడు పెట్టింది ఆ స్క్రూడ్రైవరే.

కొందామంటె అప్పట్ల పుల్లర్లు ఏడ దొరుకుతయ్? కంపెనీ డీలర్ల కాడ ఉంటె ఉంటుండె, మనకెందుకిస్తరు. లేత్ పనాయన కాడికి పోయి పాత లారీ యాక్సిల్ ముక్కతోటి తయారు చేయిస్తుంటిమి. యాక్సిల్ ఇనుము గట్టిది, మర ఎంటనే పోదు. క్లచ్ తిరగకుంట పట్టుకునేతందుకు అరిగిన స్టీల్ ప్లేటుకు ఇనుప పట్టీ వెల్డింగు కొట్టిస్తుంటిమి. కేసులకెల్లి బేరింగు తీసుడు ఇంకా అల్కగ. సుత్తితోటి కాదు, వేడితోటి. అల్యూమినియం ఇనుము కంటె ఇంచుమించు రెండింతలు ఉబ్బుతది. కేసును పొయ్యి మీద మెల్లగ వేడి చేసి, నీళ్లు చిలకరిస్తె చుయ్యిమన్నంక కట్టె మీద బోర్లిచ్చి కొట్టు, బేరింగు దానంతటదే జారి పడ్తది.

పిస్టన్ పైకొచ్చిందా లేదా చూసేతందుకు ప్లగ్గు బొక్కల సైకిల్ పుల్ల పెడ్తుంటిమి. పాయింట్లు ఎప్పుడు ఇడుస్తయో తెల్వనీకె సిగరెట్ పెట్టెలోని పలుచ కాయిదం నడుమ పెట్టి గుంజుతుంటిమి. ఉస్తాదు బీడీలు తాగేటోడు, కాయిదం కోసం సిగరెట్ పెట్టె గిరాకీనే అడుగుతుండె. ఇయ్యన్నీ పనిచేస్తయ్. అయితె సైకిల్ పుల్ల లోపలుండంగ కిక్కు కొట్టేటోళ్లను గూడ చూసిన. డయల్ గేజ్ ఇప్పుడు దొరుకుతది, కొను. మా ముచ్చట్లు విని గరీబు పనితనం చెయ్యకు.

ఇంకో కట్టె ఎయ్యి. జావా అడిగినవు గదా. మైసూరుల తయారైన బండి, 1961 సంది. మర మిల్లీమీటర్లదే, పానాల తిప్పలు లేదు. దాని తిప్పలు సైలెన్సర్ కాడ. గాళ్లున్న గుండ్రటి నట్టుకు కొక్కెం పానా ఉంటది. అది లేక ఉలి పెట్టి కొట్టి గాళ్లు ఇరగ్గొట్టని జావా నాకు దొరకనే లేదు. ఇగ రాజ్‌దూత్ 350, జపాన్ స్క్రూలు. మామూలు ప్లస్ స్క్రూడ్రైవర్ జారి తల తినేస్తది. జపాన్ కొన వేరే, అడిగి తెచ్చుకో.

ఇప్పుడు విట్‌వర్త్ సెట్లు కొత్తయి దొరుకుతున్నయ్, పైసలు గూడ గట్టిగనే అడుగుతరు. కానీ నిజమైన పాత పనిముట్లు ఇంకా మన ఊర్లల్లనే ఉన్నయ్. ముసలి మెకానిక్ కాలం చేస్తడు, పిల్లలు దుకాణం ఖాళీ చేస్తరు, పానాలు, లేత్ మీద చేయించుకున్న పుల్లర్లు అన్ని ఒక్క డబ్బల పోసి కిలోల లెక్క పాత ఇనుపోనికి ఏస్తరు. ఆ పుల్లర్ మీద ఏ బండిదో రాసి ఉండది, తూకం ఏసేటోనికి అది ఇనుప ముక్కనే. నీ దోస్తులకు గూడ చెప్పు బిడ్డా. మీ ఊర్ల పాత మెకానిక్ దుకాణం మూతపడుతున్నదని తెలిస్తె ఆ డబ్బ తక్కెడ ఎక్కకముందే పోయి అడుగుండ్రి. ఆయన బతికుంటె ఏది దేనిదో అడిగి, ఒక్కోదానికి చీటి కట్టుండ్రి.