సర్వీసు స్టాంపుల లెక్క

మన తరం ఉద్యోగులలో డెస్పాచ్ సీటులో కొన్నాళ్ళైనా కూర్చోనివారు అరుదు. సాయంత్రం కవర్లకు జిగురు రాసి, తూకం చూసి, సర్వీసు స్టాంపులు అంటించి, రిజిస్టరులో ప్రారంభ నిల్వ, వాడకం, ముగింపు నిల్వ రాసి, సూపరింటెండెంటుగారి పొట్టి సంతకం తీసుకుంటేగాని ఇంటిదారి పట్టే వీలుండేది కాదు. ఈ లెక్క ఎందుకు పుట్టిందో, ఎలా పెరిగిందో ఈ ప్రత్యేక సంచికలో ముచ్చటించుకుందాం.

కంపెనీ పాలనలో అధికారుల ఉత్తరాలకు తపాలా రుసుము మినహాయింపు ఉండేది. కవరుపై అధికారి సంతకం ఉంటే చాలు. సర్కారు ఉత్తరాల చాటున సొంత ఉత్తరాలు కూడా ప్రయాణం చేసేవి. 1854 అక్టోబరు 1 నుంచి దూరంతో నిమిత్తం లేకుండా పావు తులం ఉత్తరానికి అర్ధణా చొప్పున స్టాంపులు వచ్చాయి. సామాన్యుడు డబ్బు కట్టి ఉత్తరం పంపుతుంటే, సర్కారు ఉత్తరాల ఖర్చు ఎంతో తెలియకుండా పోయేది. అందుకే 1866లో ప్రభుత్వ ఉత్తరాలకు వాడే స్టాంపులపై 'సర్వీస్' అనే ముద్ర వేశారు. 1874లో ఆ స్థానంలో 'ఆన్ హెచ్.ఎం.ఎస్.' అనే అక్షరాలు వచ్చాయి. 1869 నుంచి సొంత స్టాంపులున్న హైదరాబాదు సంస్థానంలోనూ 1873లో 'సర్కారీ' అనే ఉర్దూ ముద్ర మొదలైంది. దీనివల్ల సర్కారు స్టాంపు సొంత కవరుపై అంటిస్తే ఇట్టే తెలిసిపోయేది. ఏ కార్యాలయం తపాలాకు ఎంత ఖర్చు చేసిందో ఆ కార్యాలయం లెక్కలోనే కనబడేది. ఇంతవరకు సబబే.

చిక్కు తర్వాత వచ్చింది. మద్రాసు రాష్ట్రం నుంచి మనకు సంక్రమించిన టాటెన్‌హామ్ పద్ధతిలో వచ్చిన ప్రతి కాగితానికి డిస్ట్రిబ్యూషన్ రిజిస్టరులో నంబరు, గుమాస్తా వద్ద పర్సనల్ రిజిస్టరులో పద్దు. దీని మేలు మనకు తెలుసు. ఎప్పటి అర్జీ అయినా జాడ దొరికేది. కాని వాటి మీద నెలవారీ రిటర్నులు, బాకీల జాబితాలు, పీరియాడికల్సు పేరుకుపోయాయి. పని చేయడం కంటే పని ఎంత మిగిలిందో రాయడానికే ఎక్కువ పొద్దుపోయిన రోజులున్నాయి.

1971 నవంబరు 15 నుంచి బంగ్లాదేశ్ శరణార్థుల సహాయార్థం తపాలాపై 5 పైసల అదనపు స్టాంపు వచ్చింది. సర్వీసు స్టాంపులపైనా ఆ ముద్ర పడింది. 1973 మార్చి ఆఖరువరకు మాకు రెండు నిల్వలు, రెండు లెక్కలు. నేను అప్పుడు ఒక కార్యాలయంలో కొత్త గుమాస్తాను. ఒకనాడు ముగింపు నిల్వలో రూపాయి పది పైసలు తేడా వచ్చింది. సంజాయిషీ కోరుతూ మెమో, నా జవాబు, జవాబు చాలదని మరో మెమో. చివరకు తేలిందేమంటే, బరువైన ఒక కవరుకు అంటించిన స్టాంపులు పద్దులో సరిగా ఎక్కలేదు. ఆ మెమోలకు పట్టిన కాగితం, టైపిస్టు శ్రమ కలిపితే తేడాకు ఎన్ని రెట్లో! అయినా ఆ వారం రోజులు నాకు నిద్ర లేదు. మా నాన్నగారికి చెప్పడానికి కూడా సిగ్గుపడ్డాను.

ఈ చిక్కు మనకే ప్రత్యేకం కాదు. అమెరికాలో కూడా ఉచిత తపాలా హక్కు దుర్వినియోగమైందని 1873 జూలై 1 నుంచి దానిని రద్దు చేసి, ఒక్కొక్క శాఖకు వేర్వేరు స్టాంపులు ముద్రించారు. నాలుగేళ్ళకే, అంటే 1877లో, స్టాంపు అవసరం లేని అధికారిక కవర్లకు చట్టం అనుమతించింది. సొంతానికి వాడితే 300 డాలర్ల జరిమానా అని కవరు మీదనే అచ్చువేశారు. 1884లో శాఖల స్టాంపులు రద్దయ్యాయి. చాలాకాలం తర్వాత, ఈ శతాబ్దారంభంలో అక్కడి జనరల్ సర్వీసెస్ అడ్మినిస్ట్రేషన్ ప్రభుత్వ సంస్థల తపాలా నిర్వహణకు నిబంధనలు చేసినప్పుడు, ఏటా పది లక్షల డాలర్లకు మించి తపాలా ఖర్చున్న పెద్ద సంస్థలనుంచే వార్షిక నివేదిక కోరింది. చిన్న కార్యాలయాలకు ఆ బరువు లేదు.

నాకు నచ్చింది ఈ తారతమ్యమే. లెక్క ఎత్తివేయమని మన డెస్పాచ్ గుమాస్తాలెవరూ కోరలేదు. ప్రజాధనానికి లెక్క ఉండి తీరాలి. కాని పెద్ద ఖర్చుకు, పది పైసల తేడాకు ఒకటే కొలత పెడితే నలిగిపోయేది కింది ఉద్యోగే. పంపిన రిటర్నును పైన ఎవరైనా చదివేవారా అన్న సందేహం మనలో చాలామందికి ఆనాడే ఉండేది. నేడు కాగితం బదులు కంప్యూటరులో నింపే పిల్లలు కూడా అదే మాట అంటున్నారు.

మిత్రులారా! ఇటువంటి అనుభవాలు మీకూ ఉండే ఉంటాయి. ఆనాటి రిజిస్టర్లు చెదలపాలైనా మన జ్ఞాపకాలు మిగిలి ఉన్నాయి. వీలు చూసుకుని రెండు పేజీలు రాసి మన సంఘానికి పంపండి. మన మనుమలకు మన ఉద్యోగం ఎలాంటిదో తెలియాలి కదా!