లండన్–సిడ్నీ మోటారు పందెమూ, బోధన్ చెరకు బండీ

రహదారుల చరిత్ర మన పాఠ్యగ్రంథాలలో ఎప్పుడూ ఒక్క వాక్యమే. ఫలానా రాజు బాటలు వేయించాడు, చెట్లు నాటించాడు, సత్రాలు కట్టించాడు. ఆ బాట మీద ఎవరు నడిచారో, ఏ బరువు మోశారో, ఎంతసేపు ఎండలో నిలబడ్డారో ఆ వాక్యంలో ఉండదు. ఈ లోపం రాజులతోపాటే పోయిందనుకుంటే పొరపాటు. మోటారు యుగంలో అది కొత్త వేషం కట్టింది. ఖండాంతర మోటారు పందేల చరిత్ర చదివినప్పుడు నాకు కలిగిన అభిప్రాయమిది.

వీటిలో ప్రసిద్ధమైనది 1968 నాటి లండన్–సిడ్నీ పందెం. లండన్‌లోని డెయిలీ ఎక్స్‌ప్రెస్, సిడ్నీలోని డెయిలీ టెలిగ్రాఫ్ పత్రికలు దాన్ని నిర్వహించాయి. అంతకు ముందటి సంవత్సరమే బ్రిటన్ తన పౌను విలువ తగ్గించుకున్నది. తమ కార్లకు విదేశాలలో గిరాకీ పెంచాలనే ఆశ ఈ పందెం వెనుక ఉన్నది. నవంబరు 24న క్రిస్టల్ ప్యాలెస్ దగ్గర 98 కార్లు బయలుదేరాయి. పారిస్, టురిన్, బెల్‌గ్రేడ్, ఇస్తాంబుల్, సివాస్, ఎర్జింజాన్, టెహరాన్, కాబూల్, ఢిల్లీ, బొంబాయి—ఇదీ దారి. బొంబాయిలో కార్లను చూసాన్ అనే ఓడకెక్కించి ఆస్ట్రేలియాలోని ఫ్రీమాంటిల్ రేవులో దించారు. డిసెంబరు 17న సిడ్నీలో పందెం ముగిసింది. చివరిదాకా నిలిచినవి 56. గెలిచినది ఆండ్రూ కొవాన్ బృందం నడిపిన హిల్‌మన్ హంటర్ కారు.

ఈ దారిని పటం మీద గీసి చూడండి. లండన్, బొంబాయి, ఆస్ట్రేలియా: సామ్రాజ్యపు పాత ఓడదారికి ఇది నేల మీది నకలు. మధ్యలో అఫ్ఘానిస్తానం ఉన్నది. అక్కడ హెరాత్ నుండి కాందహార్ వరకు సోవియట్ సహాయంతోను, కాందహార్ నుండి కాబూల్ వరకు అమెరికా సహాయంతోను ఆ రోజులలోనే కొత్త రోడ్లు పడ్డాయి. రెండు శిబిరాల పోటీ ఒక బీద దేశపు నేల మీద ఒకే రోడ్డుగా అతుక్కున్నదన్నమాట! సోవియట్ యూనియన్ పంపిన మాస్క్‌విచ్ కార్లు నాలుగూ సిడ్నీ చేరాయి. గెలవలేదు, ఆగిపోనూ లేదు.

పందెమంటే ధనికుల వినోదమని మనలో కొందరు ఒక్క మాటతో కొట్టివేస్తారు. నేనంత తొందరపడను. ఢిల్లీ–బొంబాయి దారి పొడుగునా ఆ కార్లను చూడటానికి జనం విరగబడి వచ్చారు. యంత్రం మీద శ్రమజీవికి ఉండే ప్రేమ సహజమైనది. అందులో సిగ్గుపడవలసినది లేదు. నా అభ్యంతరం వేరు. పందెపు లెక్కలో ఊరంటే కాలం నమోదుచేసే చోటు మాత్రమే. నిమిషం ఆలస్యమైతే ఒక పాయింటు జరిమానా. కొవాన్‌కు మొత్తం పడినవి 50.

ఆ పందెం తెలుగు నేలను తాకలేదు. అయితే దూరప్రయాణపు దారి మన జిల్లాకు కొత్త కాదు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830లో కాశీకి బయలుదేరి హైదరాబాదు, ఆర్మూరు, నిర్మల్ మీదుగా నాగపూరు చేరాడు. 1838లో అచ్చయిన ఆయన కాశీయాత్ర చరిత్రను మేము విద్యార్థులకు తొలి యాత్రాగ్రంథాలలో ఒకటిగా పాఠం చెబుతాము. దారి చరిత్రగా చెప్పము. మజిలీ మజిలీకీ నేల ఎటువంటిది, ఏ వాగు దాటాలి, అంగళ్ళున్నాయా, నీటి వసతి ఉందా అని ఆయన రాసుకున్నాడు. ఆయనకు ఊరు కేవలం గుర్తు కాదు, తిండీ నీరూ దొరకవలసిన చోటు. ఆయనను మోసిన బోయీలు గ్రంథం రాసివుంటే దారి మరొక విధంగా కనబడేదనుకోండి. రమారమి ఆ బాటే తర్వాత ఏడవ నంబరు జాతీయ రహదారి అయింది. నేడు 44వ నంబరు. నిజామాబాదు పట్టణాన్ని పడమట వదిలి డిచ్‌పల్లి మీదుగా పోతుంది.

పట్టణం నుండి పడమరకు పోయే బోధన్ రోడ్డు కథ వేరు. దాని పొడవు పాతిక కిలోమీటర్ల పైచిలుకు. ఏ పందెపు పటంలోనూ అది ఉండదు. 1923–31 మధ్య మంజీర మీద నిజాంసాగర్ కట్టారు. 2,75,000 ఎకరాల ఆయకట్టు అన్నారు. కాలువ నీటితో చెరకు వచ్చింది, కృష్ణా గోదావరి జిల్లాల రైతులు వచ్చి క్యాంపులు వేసుకున్నారు, 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారం వెలిసింది. ఒకప్పుడు ఆసియాలోకెల్లా పెద్దదిగా పేరుపడిన కర్మాగారమది. అంతకుముందే, 1932లో, నిజాం రైల్వే 27 బస్సులతో రోడ్డు రవాణా ప్రారంభించింది. తర్వాతి ఆర్టీసీకి అదే మూలం.

చెరకు కోసిన క్షణం నుండి గడియారం నడుస్తుంది. ఒక రోజులోగా గానుగాడాలంటారు. ఆలస్యమైన కొద్దీ గడలో నీరు ఇగిరి తూకం తగ్గుతుంది, రసంలో చక్కెర పడిపోతుంది. కోత ఉత్తర్వు వచ్చిన నాడే కొట్టి, బండి కట్టి, రాత్రంతా నడిపి, కాటా ముందు వరుసలో నిలబడిన రైతుకు ప్రతి గంటా జరిమానాయే. పందెంలో ఆలస్యం నడిపేవాడి లోపం. చెరకు వరుసలో ఆలస్యం ఎవరిదైనా, నష్టం బండివాడిది. ఎడ్లకు మేతా, కోతకూలీలకు కూలీ ఆ ఆలస్యంలోనే లెక్కకు వస్తాయి. గానుగాట సాధారణంగా నవంబరు ప్రాంతాన మొదలవుతుంది. 1968లో ఆ కార్లు బొంబాయికి పరుగెత్తినవి సరిగ్గా ఆ రోజులే. వాటి నిమిషాలన్నీ గ్రంథాలలో భద్రంగా ఉన్నాయి. చెరకు రైతు గంటలను ఎవరూ అచ్చువేయలేదు.

1979లో ఇరాన్ విప్లవం, ఆ సంవత్సరాంతాన అఫ్ఘానిస్తానంలో సోవియట్ సేనల ప్రవేశం—వీటితో లండన్ నుండి ఢిల్లీకి కారులో వచ్చే నేలదారి సామాన్య యాత్రికులకు తెగిపోయింది. శక్కర్‌నగర్ కర్మాగారంలో 2002లో మెజారిటీ వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో తలుపులు మూశారు. రైతులలో కొందరు చెరకు మాని వరి పట్టారు. చెరకు విడువనివారు దూరపు ఫ్యాక్టరీలకు లారీలకెత్తుతున్నారు.

బోధన్ వైపు నుండి మా కళాశాలకు వచ్చే విద్యార్థులను ఒకసారి మీ ఇంటి నుండి బయలుదేరే అతి పొడవైన దారి ఏది అని అడిగాను. వాళ్ళు కాశీ అనలేదు, లండన్ అనలేదు. డిచ్‌పల్లి, కామారెడ్డి, హైదరాబాదు విమానాశ్రయం, దుబాయి. ఒక అమ్మాయి మస్కట్ అన్నది. వాళ్ళ నాన్న అక్కడ లారీ నడుపుతున్నాడు.