పెరంబూరు మిల్లులలో న్యాయవిశ్వాసము (1918–1921)

‘చేసుకొన్నవారికి చేసుకొన్నంత మహాదేవ’ యను సామెత తెలుగువారికి సుపరిచితము. అది పలుకబడు సందర్భములను పరికించినచో, తఱచుగా పరుల కష్టమును గూర్చియే కాని తన కష్టమును గూర్చి కాదని తెలియును. లోకము న్యాయముగా నడచుచున్నదను ఈ విశ్వాసమును మెల్విన్ లెర్నర్ అను మనస్తత్త్వవేత్త ప్రయోగపూర్వకముగా పరిశీలించెను. బాధితునకు సాయపడజాలని చూపరులు అతనినే తక్కువచేసి చూతురని ఆయన 1966లో సహచరితో కూడి ప్రకటించిన ప్రయోగమున తేలినది. ‘నాకు న్యాయము జరుగును’, ‘అందఱకును న్యాయమే జరుగుచున్నది’ అను రెండును వేర్వేఱు విశ్వాసములని క్లౌడియా డాల్బర్ట్ ప్రభృతులు తరువాత చూపిరి. మొదటిది మనస్సునకు ఊతము. రెండవది పలుమాఱు ఆర్తులయెడ కాఠిన్యమునకు తోడగును. ఈ రెండును పెరంబూరు చరిత్రలో కానవచ్చును.

బిన్నీవారి బకింగ్‌హాము, కర్ణాటక మిల్లులు పందొమ్మిదవ శతాబ్ది చివరి పాదమున అచట వెలసి, 1996లో మూతపడినవి. మిల్లుల చెంత సెల్వపతి చెట్టి, రామానుజులు నాయుడు అను వర్తకులు శ్రీవేంకటేశ గుణామృత వర్షిణీ సభను నడుపుచుండిరి. దైవప్రసంగములు వినవచ్చిన కార్మికులు అచటనే తమ గోడును వెళ్ళబోసికొనెడివారు. మధ్యాహ్న భోజనమునకు అర్ధగంటయే వ్యవధి. పై యుద్యోగుల దౌర్జన్యము సరేసరి. ఈ వర్తకుల పూనికతోనే 1918 ఏప్రిల్ 27న బి.పి. వాడియా అధ్యక్షుడుగా మద్రాసు లేబర్ యూనియన్ ఏర్పడెను. పురాణశ్రవణము పేదవానిని విధికి తలయొగ్గువానిగా మాత్రమే చేయునని వాదించువారు ఈ సభను మఱవరాదు. దేవుడు న్యాయమూర్తి యని నమ్మినవానికే, అన్నము నమలుటకు వ్యవధి లేకుండుట అన్యాయముగా తోచియుండును.

1920లో మిల్లులు మూసివేయబడినవి. కంపెనీవారు హైకోర్టు కెక్కి వాడియా ప్రభృతులపై నిషేధాజ్ఞ తెచ్చిరి. కార్మిక సంఘములకు చట్టరక్షణ నొసగిన 1926 నాటి శాసనమునకు ఈ వ్యాజ్యమే ప్రేరకము.

1921 జూన్‌లో మఱల సమ్మె కట్టిరి. ఆదిద్రావిడ కార్మికులలో పెక్కురు పనికి పోయిరి. కూలి ఆగిన పొయ్యి ఆఱిపోవువారి యిక్కట్టును సవర్ణ కార్మికులు లెక్కింపలేదు. పుళియాంతోపులో ఆదిద్రావిడుల గుడిసెలు తగులబడెను. మూడేండ్ల క్రిందట తమకు న్యాయము కావలెనని కోరినవారే, ఎదుటివారి ఇండ్లు కాలుటలో అన్యాయమును చూడజాలకపోయిరి. పనికి పోయినందుకు అది ఫలమని సమాధానపడిరి కాబోలు. ఆగస్టు 29న పోలీసులు కాల్పులు జరుపగా పలువురు మరణించిరి. చచ్చినవారు అల్లరిమూకలేయని సరిపెట్టుకొనుట అధికారులకును సులభమే.

జస్టిస్ పక్షనాయకుడు పిట్టి త్యాగరాయ చెట్టి, ప్రభుత్వము ఆదిద్రావిడులను గారాబము చేయుటచేతనే ఈ కలహము రేగినదని నిందించెను. ఆ పక్షము పేరునకు తెలుగున ‘న్యాయము’ అని అర్థము. గుడిసెలు కోల్పోయినవారి పక్షమున ఆదిద్రావిడ నాయకుడు ఎం.సి. రాజా ప్రతివాదము చేసెను. అక్టోబరులో సమ్మె విఫలమై ముగిసెను. రాజా 1923లో జస్టిస్ పక్షమును విడిచెను.