మూడు వందలా, రెండు వందల ఆరా?

బయట ఎముకలు కొరికే చలి. ఈ రోజు ఆ ఎముకల గురించే నాలుగు మాటలు చెప్పుకుందాం.

నేను డాక్టర్ని కాదు, కంప్యూటర్ల ముందు కూర్చుని బతికేవాణ్ణి. కిందటి శీతాకాలం ఇంటి ముందు మంచు మీద జారి పడి మణికట్టు విరగ్గొట్టుకున్నాను. అమ్మకి ఫోన్ చేస్తే, "పుత్తూరు కట్టు కట్టించుకుంటే ఈపాటికి అతుక్కునేది కదరా" అంది. తిరుపతి దగ్గరున్న ఆ పుత్తూరు పేరు వినని తెలుగువాళ్ళు తక్కువే.

అసలు గొడవ మా ఎనిమిదేళ్ళ వాడితో వచ్చింది. నా కట్టు చూసి వాడికి ఎముకల మీద ఆసక్తి పుట్టింది. బళ్ళో టీచరు మనిషికి 206 ఎముకలని చెప్పింది. ఆదివారం క్లాసులో ఎవరో మన సుశ్రుతుడు 300 అన్నాడని చెప్పారు. "నాన్నా, ఎవరు కరెక్టు?" అనడిగాడు. "పుట్టిన పిల్లలకి దాదాపు 300 ఉంటాయిట, సుశ్రుతుడు వాటినే లెక్కపెట్టాడు" అని ఈమెయిల్లో వచ్చిన ముక్క చెప్పేద్దామనుకున్నాను. కానీ చెప్పేముందు ఓసారి చూద్దామని పుస్తకాలు తిరగేశాను.

పసిపిల్లలకి 300 దాకా ఉండే మాట నిజమే. వాళ్ళ అస్థిపంజరంలో చాలా భాగం మృదులాస్థి, అంటే చెవి డొప్పలో చేతికి మెత్తగా తగిలేలాంటి పదార్థం. పెరిగేకొద్దీ అది గట్టిపడుతుంది, విడివిడి ముక్కలు ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. పెద్దయ్యేసరికి 206 మిగులుతాయి. కానీ సుశ్రుతుడి లెక్కకీ దీనికీ సంబంధం లేదు.

మా ఉద్యోగాల్లో రెండు రిపోర్టుల్లో అంకెలు కలవకపోతే ముందు వెతికేది కూడికలో తప్పు కాదు. ఎవరు దేన్ని లెక్కలోకి తీసుకున్నారని చూస్తాం. ఇక్కడా అంతే. సుశ్రుత సంహిత శారీరస్థానంలో కాళ్ళూ చేతుల్లో 120, మొండెంలో 117, మెడ నుంచి పైకి 63, మొత్తం 300 అని ఉంది. ఎముకలు ఐదు రకాలని చెప్పి, అందులో పళ్ళని రుచకాలనీ, ముక్కు, చెవుల్లో ఉండే మెత్తటివాటిని తరుణాలనీ అన్నారు. అంటే పళ్ళూ, మృదులాస్థీ కూడా ఎముకల పద్దులోనే పడ్డాయి. చరక సంహిత ఇంకా ముందుకెళ్ళి పళ్ళ గుంటల్నీ, గోళ్ళనీ కూడా కలిపి 360 అంది. 1907లో రుడాల్ఫ్ హర్న్‌లే అనే పండితుడు ఈ లెక్కల మీద ఏకంగా ఒక పుస్తకమే రాశాడు.

అంకె సంగతి అలా ఉంచితే, నన్ను ఆశ్చర్యపరిచింది చూసిన పద్ధతి. అవయవాలన్నీ ఉన్న శవాన్ని, విషం వల్లా, దీర్ఘరోగం వల్లా చనిపోనిదాన్ని ఎంచుకోవాలి. గడ్డి చుట్టి, పంజరంలో పెట్టి, పారే నీటిలో ఏడు రాత్రులుంచాలి. తర్వాత వట్టివేళ్ళతోనో వెదురుతోనో చేసిన కుంచెతో మెల్లగా రుద్దుతూ, చర్మం నుంచి లోపలి దాకా పొర పొరా కళ్ళతో చూడాలి. పుస్తకం చదివితే చాలదు, చూసి కూడా తీరాలని ఆ గ్రంథం పట్టుబడుతుంది.

అలా చూశారు కాబట్టే కీళ్ళకి అంత చక్కటి పేర్లు పెట్టగలిగారు. భుజం, తుంటి కీళ్ళని ఉలూఖలం అన్నారు, అంటే రోలు. బళ్ళో మనం బంతి గిన్నె కీలు అని చదువుకున్నది అదే. దవడ కీలుకి కాకి ముక్కు పేరు, పుర్రె అతుకులకి కుట్టు పేరు.

ఇక యూరప్ కథ చూడండి. రెండో శతాబ్దపు గేలెన్ ఎక్కువగా కోతుల్నీ, ఇతర జంతువుల్నీ కోసి రాసినది అక్కడ పదమూడు వందల ఏళ్ళు వేదంలా నడిచింది. మనిషి కింది దవడ రెండు ఎముకలని ఆయన రాస్తే అందరూ అదే వల్లించారు. 1543లో ఇరవై ఎనిమిదేళ్ళ వెసేలియస్ మనుషుల శవాలు కోసి చూసి, అది ఒక్కటే ఎముకని పుస్తకం అచ్చువేశాడు.

మన దగ్గర జరిగింది దీనికి తలకిందులు. చూడమని చెప్పిన గ్రంథం మిగిలింది, చూడటం పోయింది. శవాన్ని ముట్టుకుంటే మైల అన్న భావన గెలిచింది. 1836లో కలకత్తా మెడికల్ కాలేజీలో మధుసూదన్ గుప్తా కత్తి పట్టుకుని శవాన్ని కోసినప్పుడు అది పెద్ద సంచలనం. ఆయన అంతకు ముందు సంస్కృత కళాశాలలో ఆయుర్వేదం చెప్పిన పండితుడు. సుశ్రుతుడి దారిని మళ్ళీ తొక్కింది ఒక ఆయుర్వేద పండితుడే కావడం నాకు బాగా నచ్చింది.

అయితే ఈ కథలో చీకటి కోణం కూడా ఉంది. పాఠానికి శరీరాలు ఎక్కణ్ణుంచి వస్తాయి? 1828లో ఎడిన్‌బరోలో బర్క్, హేర్ అనే ఇద్దరు పదహారు మందిని చంపి శవాలు అమ్ముకున్నారు. తర్వాత మన కలకత్తా నుంచే అస్థిపంజరాలు ఎన్నో ఏళ్ళు అమెరికా, యూరప్ కాలేజీలకి ఎగుమతయ్యాయి. 1985లో భారత ప్రభుత్వం ఆ ఎగుమతిని నిషేధించింది. అంతకు ముందు ఇక్కడి క్లాసుల్లో కొక్కేనికి వేలాడినవాటిలో చాలా వరకు మనవాళ్ళవే, అదీ ఎక్కువగా దిక్కులేని పేదవాళ్ళవి. వాళ్ళని ఎవరూ అనుమతి అడగలేదు. మనకంటే ముందే ఈ దేశాలకి వచ్చి, పేరు లేకుండా పాఠం చెప్పినవాళ్ళు వాళ్ళు.

మా వాడికి చివరికి ఇలా చెప్పాను: "ఇప్పటి లెక్క 206, పరీక్షలో అదే రాయి. సుశ్రుతుడు వేరే పద్ధతిలో లెక్కపెట్టాడు. ఆయన గొప్పతనం 300లో లేదు, నీళ్ళ ఒడ్డున కూర్చుని తన కళ్ళతో చూడటంలో ఉంది." వాడు కాసేపు ఆలోచించి, "మరి ఆ నీళ్ళలో పెట్టినాయన పేరేంటి నాన్నా?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. మీ పిల్లలు అడిగితే, ఆ పేరు లేని ఆయన గురించి కూడా ఒక మాట చెప్పండి. సెలవు.