అమ్మజూపని సొత్తు

జంగారెడ్డిగూడెము పొగాకు వేలముకేంద్రములో బేళ్లు వరుసలుగా పేర్చబడియుండగా, కొనుగోలుదారులు ఒక్కొక్క బేలుకడ నిలిచి, ఆకు రంగును, వాసనను, సాగుదలను పరికించి ధర పలుకుదురు. ఆ ధర తన బ్యారనులో కాలిన కట్టెలకును, పొలమున పడిన కూలికిని చాలదని తోచిన రైతు, అప్పులవారు గడపలో నిలిచియున్నను సరే, తల అడ్డముగా నూపి తన బేలును ఇంటికి మరలించుకొనిపోవచ్చును. మెట్టసీమలోని తేలికనేలల వర్జీనియా పొగాకు బోర్డువారి వేలములలోనికి వచ్చిన నాటినుండియు, ఈ యూరివారికి బేరమనగా ఇదియే: సొత్తుగలవాడు ఔనన్నగాని సొత్తు చేయి మారదు. పెద్ద కంపెనీల లోకమున మాత్రము ఈ ధర్మము చెల్లదు. అందు కర్మాగారమును కట్టినవాడు అమ్మనని భీష్మించి కూర్చున్నను, దానిని అతని చుట్టునున్నవారియొద్ద తునుకలు తునుకలుగా కొనివేయవచ్చును. ఒకనాటి ఉదయమున అతడు లేచి చూచునప్పటికి, తాను కట్టిన యింటిలో తానే అల్పసంఖ్యాకుడై యుండవచ్చును.

ఇట్టి ముట్టడి యొకటి 1998వ సంవత్సరమున ఆంధ్రదేశమున జరిగినది. ముట్టడికి గురియైనది నల్లగొండ జిల్లాలోని రాశి సిమెంటు. ముట్టడించినది మదరాసు నగరపు ఇండియా సిమెంట్సు. ఓడినవాడు మన ఉమ్మడి పశ్చిమగోదావరి జిల్లా బిడ్డ, భూపతిరాజు విస్సంరాజుగారు. లోకమున బి.వి. రాజుగారని ప్రసిద్ధి వహించిన ఈయన భీమవరమునకు చేరువనున్న కుముదవల్లి గ్రామమున 1920లో జన్మించిరి. ఆ కుముదవల్లి సామాన్యమైన పల్లె కాదు. 1897లోనే వీరేశలింగము పంతులుగారి పేర గ్రంథాలయమును నెలకొల్పుకొన్న గ్రామము. పట్టణములలోనే పుస్తకభాండాగారములు అరుదైయున్న కాలమున వరిచేల నడుమ పుస్తకములను కొలువుదీర్చిన గ్రామము. అట్టి నేలనుండి వచ్చిన రాజుగారు సిమెంటు పరిశ్రమయందు జీవితమెల్ల ధారవోసి, ప్రభుత్వరంగములోని సిమెంటు కార్పొరేషన్‌కు అధ్యక్షత వహించి, 1977లో పద్మశ్రీ బిరుదమందిరి. ఇతరులు విశ్రాంతిని కోరుకొను వయస్సున ఆయన స్వయముగా కర్మాగారమును స్థాపింపబూనిరి. కృష్ణయు మూసియు సంగమించు వాడపల్లి ప్రాంతమున, అగస్త్యేశ్వరుని గుడికిని నరసింహస్వామి గుడికిని పొరుగున, భూగర్భమున పరుచుకొనియున్న సున్నపురాతి పొరలను నమ్ముకొని రాశి సిమెంటు వెలసినది. కర్మాగారముతోపాటు వెలసిన ఊరికి విష్ణుపురమను పేరు స్థిరపడినది. తరువాత అదే జిల్లాలో శ్రీవిష్ణు సిమెంటను సోదరసంస్థయు లేచినది.

ఈ సంస్థలు పబ్లిక్ కంపెనీలు. అనగా కట్టినవాని సొమ్ము ఒక పాలు, జనుల సొమ్ము ఒక పాలు, ప్రభుత్వ ఆర్థికసంస్థల సొమ్ము ఒక పాలు. స్థాపకుడు నూటికి ముప్పదియో నలుబదియో వాటాలు తనచేత నుంచుకొని, తక్కినవి ఎన్నడును ఏకము కావను ధైర్యముతో, సంస్థ యావత్తును తనదిగనే నడపుట మన దేశమున వాడుకయై యుండెను. ఆ ధైర్యమునకు తొలి దెబ్బ 1983లో తగిలినది. లండనులో వ్యాపారము చేసెడి స్వరాజ్ పాల్ అనునాయన ఢిల్లీలోని డి.సి.ఎమ్., ఎస్కార్ట్స్ కంపెనీల వాటాలను మార్కెట్టులో కొననారంభింపగా, ఆ కంపెనీల పాలకమండళ్లు ఆ వాటాలను ఆయన పేర నమోదు చేయుటకే నిరాకరించినవి. వ్యాజ్యము సుప్రీంకోర్టు దాక నడచినది. ఆయన తుదకు విరమించుకొనెను. స్థాపకులు ఊపిరి పీల్చుకొనిరి గాని, ఆ రక్షణ చిరకాలము నిలువలేదు. ఆర్థిక సంస్కరణల యనంతరము, వాటాల మార్కెట్టును నియంత్రించు సెబీ 1994లో నొక నిబంధనావళిని, న్యాయమూర్తి భగవతిగారి సంఘము సిఫార్సులపై 1997లో మరియొక నిబంధనావళిని చేసి, కొనదలచినవాడు బహిరంగముగా ధర ప్రకటించి, సామాన్య వాటాదారులకును ఆ ధరనే చూపవలెనని శాసించినది. దొంగచాటు కొనుగోళ్లకు ఇది అడ్డుకట్ట. కాని బాహాటముగా వచ్చువానికి ఇదియే రాజమార్గమయ్యెను. చిన్న వాటాదారునకు ఈ శాసనము మేలు చేసినదనుటలో నాకు సందేహము లేదు. కాని కర్మాగారమును కట్టిన చేతులకును, నిన్న మధ్యాహ్నము వాటా కొన్న చేతులకును ఇది భేదమెంచలేదు.

ఇండియా సిమెంట్సు తక్కువ సంస్థ కాదు. 1946లో స్థాపితమై, తిరునెల్వేలి ప్రాంతపు శంకర్‌నగర్‌లో తొలి కర్మాగారము కట్టి, ఎన్. శ్రీనివాసన్‌గారి నాయకత్వమున ఆంధ్రదేశము మీద దృష్టి సారించినది. కడప జిల్లా చిలంకూరు కర్మాగారమును అంతకుముందే కొనిరి; విశాఖ సిమెంటును 1997లో చేకొనిరి; సిమెంటు కార్పొరేషన్‌వారి ఎర్రగుంట్ల కర్మాగారమును ఆ కాలముననే తమ చేతిలోనికి తెచ్చుకొనిరి. ఎర్రగుంట్ల కర్మాగారమును పోషించినది రాజుగారు ఒకనాడు ఏలిన కార్పొరేషనే యని చెప్పినచో, ఈ రంగమందలి మనుష్యులు ఒకరికొకరు ఎంత చేరువవారో పాఠకులకు బోధపడును. సిమెంటు వ్యాపారమున ధర నిలుపుకొనవలెనన్న మార్కెట్టు మీద పట్టు కావలెను. పట్టునకు కర్మాగారములు కావలెను. క్రొత్త కర్మాగారము కట్టుటకు భూమియు, గనులును, రైలుమార్గమును, అనేక సంవత్సరముల కాలమును పట్టును. ఆ దశాబ్దపు ఉత్తరార్ధమున సిమెంటు గిరాకి మందగించి వాటాల వెలలు పడిపోగా, క్రొత్తది కట్టుటకంటె ఇదివరకు ఉన్నదానిని స్టాక్ మార్కెట్టులో కొనుటయే చౌక యను విపరీతస్థితి ఏర్పడినది. రాశి సిమెంటు మీదికి ముట్టడి వచ్చుటకు మూలకారణము ఇదియే గాని, నిర్వహణలోపము కాదని నా నిశ్చయము. విలువగల సొత్తునకు వెల తక్కువగా పలుకుటయే దానికి శత్రువైనది.

ఇండియా సిమెంట్సువారు మొదట మార్కెట్టులో వాటాలను పోగుచేసికొని, 1998 ఆరంభమున మరి నూటికి ఇరువది వాటాలకై బహిరంగప్రకటన చేసిరి. వాటా ఒక్కింటికి మూడువందల రూపాయలు. నాటి మార్కెట్టు ధరకంటె ఎంతయో హెచ్చు. ఆనాడు దేశములోని వాణిజ్యపత్రికలన్నియు ఈ సమరమును దినదినము వర్ణించినవి. రాజుగారు తొలుత లొంగలేదు. తాను కట్టిన సంస్థను తన యిష్టము లేకుండ కొనజూచుట అధర్మమని వాదించిరి. శ్రీవిష్ణు సిమెంటులో రాశికి గల పెద్ద వాటాను తమ పక్షపు సంస్థలకు బదలాయించి, ముట్టడి చేయువానికి మేలైన నగ దక్కకుండ చేయ యత్నించిరి. ఈ యుపాయమును ఆర్థికసంస్థలు ఆక్షేపించినవి. నిజము చెప్పవలెనన్న, ఆ యాక్షేపణ న్యాయమైనదే. ఆ వాటా రాశి కంపెనీ సొత్తు, అనగా వేలకొలది వాటాదారుల సొత్తు, దానిని రక్షణకొరకు పక్కకు తప్పించుట స్థాపకుని హక్కులోనిది కాదు. రాజుగారియెడల నాకు గల గౌరవము ఈ మాట చెప్పుటకు అడ్డు రాలేదు.

ముప్పదిరెండు శాతము తనచేత నున్నది. తక్కిన అరువదియెనిమిది శాతములో ఆయన మాట వినువారెందరు? చిన్న వాటాదారునకు మూడువందల రూపాయలు కంటికెదురుగా కనబడుచున్నవి. ఆర్థికసంస్థలు తమ లెక్కలు తాము చూచుకొనునవి. మిత్రుడై వచ్చి ఎక్కువ ధర పలుకగల మరియొక సంస్థ నిలువలేదు. రాజుగారికి అప్పటికి డెబ్బదియేడేండ్లు నిండినవి. 1998 ఏప్రిల్ నెలలో ఆయన తన ముప్పదిరెండు శాతమును వాటాకు 286 రూపాయల చొప్పున, మొత్తము సుమారు 140 కోట్ల రూపాయలకు, ఇండియా సిమెంట్సుకే విక్రయించిరి. రాశితోపాటు శ్రీవిష్ణు సిమెంటును వారి వశమై, కొలది కాలమునకు వేరొక సంస్థకు విక్రయింపబడినది. అందరకును ప్రకటించిన ధరకంటె తక్కువకు ఆయన అమ్మెనని కొందరు అప్పుడు ఆశ్చర్యపడిరి. నాకు ఆశ్చర్యము లేదు. బహిరంగప్రకటన యందు కొనునది కొంత భాగమే. తన వాటా యంతయు ఒక్కమారుగ చెల్లుటకు, వివాదము ముగియుటకు, ఆ పదునాలుగు రూపాయలు ఆయన విడిచిరి. మిగిలిన యేండ్లను భీమవరమునను, మెదకు జిల్లా నర్సాపూరునను విద్యాసంస్థల పోషణకు వినియోగించి, 2001లో పద్మభూషణుడై, మరుసటియేట ఆయన పరమపదించిరి. మన మెట్టసీమనుండి భీమవరము పోయి ఆ కళాశాలలలో ఇంజనీరింగు చదివిన బాలికలు కోకొల్లలు.

ఇట్టి ముట్టడి తప్పక గెలుచునని తలపరాదు. ఫ్రాన్సు దేశపు పశ్చిమకొసనగల బ్రెటన్ సీమలో గిల్మో యను కుటుంబమునకు చెందిన అయిదుగురు అన్నదమ్ములు 1986లో యూబీసాఫ్ట్ అను వీడియో గేమ్ కంపెనీని స్థాపించిరి. సిమెంటునకు సున్నపురాయి ఎట్టిదో, ఆటలకు వానిని అల్లెడి చిత్రకారుల, ప్రోగ్రామర్ల ఊహాశక్తి అట్టిది. అది గనులవలె నేలకు అంటుకొని యుండక, సాయంకాలమున లేచి ఇంటికి పోవును, నచ్చనిచో మరునాడు రాదు. 2015 అక్టోబరులో వివెండీ అను మహాసంస్థ యూబీసాఫ్ట్ వాటాలను, ఆ సోదరులలో నొకరు నడపుచున్న గేమ్‌లాఫ్ట్ వాటాలను కొననారంభించినది. వివెండీని నడపువాడు బొలోరే. ఆయనయు బ్రెటన్ సీమవాడే, సిగరెట్టు చుట్టెడి పలుచని కాగితము చేసి వృద్ధిపొందిన వంశమువాడు. మన పొగాకుతో ఆ వంశమునకు దూరపు చుట్టరికమున్నదనుకొనుట తప్పు కాదు.

గేమ్‌లాఫ్ట్ నిలువలేదు. 2016 వేసవి నాటికి అది వివెండీ వశమై, స్థాపకుడు పదవి విడిచిపోయెను. హైదరాబాదులో కొలువుండిన దాని శాఖలో పనిచేయుచుండిన తెలుగు యువకులకు యజమాని మారినది పారిసు నగరపు స్టాక్ మార్కెట్టులో. వారిని అడిగినవారు లేరు. యూబీసాఫ్ట్ మాత్రము నిలిచినది. గిల్మో సోదరుల వాటా ఆరంభమున పదవవంతునకు మించనిది, అనగా రాజుగారికున్న దానిలో మూడవవంతు! అయినను వారు అప్పుచేసి వాటాలు పెంచుకొనిరి. దీర్ఘకాలము నమ్ముకొన్న వాటాదారులయొద్దకు దేశదేశములకు పోయి తమ ఆలోచనలను విన్నవించిరి. చిరకాలము పేరున నమోదైయున్న వాటాలకు రెండేసి ఓట్లిచ్చెడి ఫ్రెంచి పద్ధతి వారికి తోడైనది. అన్నిటికంటె మించి, వారి ఆటలు బాగుగా అమ్ముడువోయినవి. 2015లో సుమారు ఇరువది యూరోలుండిన వాటా, మూడేండ్లలో అరువది దాటినది. వెల పెరిగినకొలది కోట గోడ ఎత్తయినది. 2018 మార్చిలో వివెండీ తన 27.3 శాతమును వాటాకు 66 యూరోల చొప్పున, రెండువందల కోట్ల యూరోలకు అమ్మివేసి, అయిదేండ్లవరకు మరల కొనబోమని వాగ్దానమొసగి తొలగినది. ఓడినవానికే అపారమైన లాభము వచ్చినది. గెలిచినవారు చీనా సంస్థ టెన్‌సెంటును తమ యింటిలోనికి అయిదు శాతముతో పిలుచుకొనవలసి వచ్చినది, 2025లో తమ మేలిమి ఆటలను విడదీసి కట్టిన ఉపసంస్థలో దానికి నాలుగవవంతు వాటానే ఒప్పుకొనవలసి వచ్చినది. స్వాతంత్ర్యము వారికి ఉచితముగ దొరకలేదు.

విష్ణుపురమున యజమానులు మరల మారినారు. 2024 వేసవిలో బిర్లావారి అల్ట్రాటెక్ సంస్థ ఇండియా సిమెంట్సు వాటాలను మొదట మార్కెట్టులో పెద్దమొత్తముగ కొని, అటుపై శ్రీనివాసన్‌గారి పక్షపు 32.72 శాతమును వాటాకు 390 రూపాయల చొప్పున, 3,954 కోట్లకు తీసికొనుటకు ఒప్పందము చేసికొనినది. ఆ యేటి డిసెంబరులో అధికారము చేతులు మారినది. అంతకు ఇరువదియారేండ్ల మునుపు రాజుగారు విడిచినదియు ముప్పదిరెండు శాతమే. ఒక భేదము మాత్రము చెప్పవలెను: ఈ మారు స్థాపకవంశమువారు బహిరంగ సమరము లేకయే సంతకము చేసిరి.

ఫ్రాన్సులో ఇట్టి కొనుగోలు ప్రతిపాదన వచ్చినచో, కార్మికుల సంఘమునకు దానిని తెలిపి వారి యభిప్రాయము వినవలెనని చట్టము కలదు. మన దేశమున 2019లో సెబీ, క్రొత్తగా మార్కెట్టునకు వచ్చు సాంకేతిక కంపెనీల స్థాపకులకు అధిక ఓటుహక్కుగల వాటాలను అనుమతించినది. హైదరాబాదులో ఆటలు అల్లెడి యువకుడు రేపు కంపెనీ పెట్టినచో అతనికి ఆ కవచము దొరకును. సిమెంటు వండువానికి, నూలు వడకువానికి, చెరకు ఆడువానికి అది లేదు. వాడపల్లి గనులలో రాయి పగులగొట్టిన కార్మికుని మాట వినవలెనను నియమమేదియు, 1998లో గాని 2024లో గాని, ఆ బేరములలో ఎవ్వరికిని అడ్డు రాలేదు. అట్టి నియమము చేయుమని పార్లమెంటు సభ్యులను అడుగుటకు మనకింకను కాలము మించిపోలేదు.